మూతపడని ఫైళ్లను పట్టుకోవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు ధరల ఫైళ్లను చదివే, సీ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ సర్వర్ ఉదయమంతా చక్కగా నడిచి, మధ్యాహ్నానికి ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటూ మొరాయిస్తే, లినక్సులో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకు సాధారణంగా 1024గా ఉండే పరిమితిని పెంచి చేతులు దులుపుకోకూడదు. దానివల్ల జబ్బు ముదరడానికి గడువు దొరుకుతుందంతే.

తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ఓఎఫ్ ఆదేశాన్ని ఆ ప్రాసెస్ సంఖ్యతో కొంత విరామమిచ్చి రెండుసార్లు నడిపి, జాబితాలను పోల్చండి. రద్దీ తగ్గాక కూడా ఒకే ఫైలు పదేపదే కనిపిస్తుంటే లీకు (తెరిచిన ఫైలు మూతపడకపోవడం) అక్కడే ఉందని అనుమానించవచ్చు. సర్వర్‌ను వాల్‌గ్రైండ్ అనే తప్పులు వెతికే సాధనం కింద ట్రాక్-ఎఫ్‌డీస్ ఎంపికతో నడిపితే ఆ ఫైలును కోడ్‌లో తెరిచిన చోటు కూడా బయటపడుతుంది.

అక్కడ ఫైలును మూసే ఎఫ్‌క్లోజ్ ఉండనే ఉంటుంది. కానీ ధర గడి ఖాళీగా ఉన్నప్పుడు ఫంక్షన్ ఎఫ్‌క్లోజ్ దాకా రాకుండా మధ్యలోనే రిటర్న్ అయిపోతుంది. రిటర్నులన్నింటినీ ఫైలును మూసే ఒకే ముగింపు గుండా మళ్లించి, ఖాళీ గడి ఉన్న ఫైలుతో పరీక్షను ప్యాచ్‌కు (కోడ్ సవరణకు) జతచేయండి.