ఆడిన గేమ్ మీద అభిప్రాయం రాయడం ఎలా

గేమ్ మీద అభిప్రాయం రాయాలనుకునేవారు ఆట మొదలుపెట్టిన రోజునే ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోవాలి. ఆట ఆపిన ప్రతిసారీ, కంట్రోలర్ కింద పెట్టగానే, అందులో మూడు సంగతులు రాయాలి: ఎంతసేపు ఆడారు, ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు. వీటిలో మూడవదే నాకు ఎక్కువగా ఉపయోగపడింది. నిద్ర ముంచుకొచ్చి ఆపడం, దారి తోచక విసిగి ఆపడం, ఈ బాస్‌ను (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువును) రేపు తప్పక ఓడిస్తానన్న ధీమాతో ఆపడం, ఈ మూడూ గడియారంలో ఒకే వేళకు జరగవచ్చు గాని, ఆ గేమ్ గురించి అవి చెప్పే సంగతులు వేరు. ముగింపు చూసి నెల గడిచాక మనకు గుర్తుండేది చివరి ఘట్టమూ, దాని వెంట వచ్చిన సంగీతమూ. నడుమ మనల్ని నిలబెట్టినది ఆ పుస్తకంలో లేకపోతే మరెక్కడా దొరకదు.

‘హాలో నైట్’ ఆడినప్పుడు ఈ అలవాటు విలువ నాకు బాగా తెలిసింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2017లో దీనిని విడుదల చేసింది. తరువాతి భాగమైన ‘సిల్క్‌సాంగ్’ 2025 సెప్టెంబరులో వచ్చినప్పుడు, దానికన్నా ముందు మొదటిది ఆడాలని తీసుకున్నాను. పూర్తిచేసిన రాత్రే రాసి ఉంటే, భూగర్భంలో శిథిలమైపోయిన పురుగుల రాజ్యంలో తిరగడం ఎంత హాయిగా ఉందో మాత్రమే రాసేవాణ్ణి. నోటుపుస్తకంలో చూస్తే, మొదటి వారంలో మూడు పూటల ఎదుట ‘దారి తెలియక ఆపాను’ అని ఉంది. రెండూ నిజమే. ఆ హాయికీ ఈ విసుగుకూ ఉన్న సంబంధాన్ని వెతకడమే అభిప్రాయం రాసేవారి అసలు పని అని నా నమ్మకం.

వెతికితే కనబడింది ఇది. ఈ గేమ్‌లో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడు మన దగ్గర మ్యాప్ ఉండదు. ఎక్కడో ఒక మూల కార్నిఫర్ అనే పటాలు గీసేవాడు కూనిరాగం తీస్తూ కూర్చుని ఉంటాడు. నేల మీద చెదిరిపడిన కాగితాలను చూసుకుంటూ, ఆ రాగం వినిపించే దిక్కుగా వెళ్లి, అతని దగ్గర పటం కొనుక్కోవాలి. కొన్న పటమూ అసంపూర్ణమే. మనం తిరిగిన చోట్లు అందులో చేరాలంటే ఊరి దుకాణంలో కలం కొని ఉండాలి, ఆపైన ఏదో ఒక బెంచీ మీద కూర్చోవాలి. మనం ఎక్కడున్నామో పటంలో కనిపించాలంటే దిక్సూచి చార్మ్ (ఒక్కోటి ఒక్కో శక్తినిచ్చే తాయెత్తు లాంటిది) ధరించాలి. చార్మ్‌లు పెట్టుకోవడానికి మొదట్లో మనకుండే మూడు గళ్లలో ఒకటి దానికే పోతుంది. ఇంతవరకు గమనించాక ‘మ్యాప్ బాగాలేదు’ అని ఒక్క మాటలో తీసిపారేయడం అన్యాయమని తెలిసింది, ఎందుకంటే ఆ కూనిరాగం చెవిన పడగానే కలిగే ఊరట కోసమే ఆట మనల్ని అంతసేపు దారి తప్పనిస్తుంది. అయినా దిక్సూచి కోసం ఒక గడి వదులుకోవలసి రావడం నాకు నచ్చలేదు. దారులు కంఠతా వచ్చిన పాత ఆటగాడికి ఆ అవసరం ఉండదు కనుక, ఆ భారమంతా పోరాటానికి పనికివచ్చే చార్మ్‌లు ఎక్కువగా కావలసిన కొత్తవాడి మీదే పడుతుంది. మీరు కూడా ఈ వరుసలోనే రాయండి: ముందు నియమం, తరువాత దాని ఉద్దేశం, ఆ తరువాతే మీ ఇష్టాయిష్టాలు. మీతో ఏకీభవించని పాఠకుడికి కూడా అలా రాసినది అక్కరకు వస్తుంది.

నియమాన్ని వర్ణించేటప్పుడు క్రియాపదాలను నమ్ముకోవాలి. ‘గేమ్‌ప్లే అద్భుతం’ అని రాస్తే చదివేవారికి తెలిసేది ఏమీ లేదు. బాస్, చెక్‌పాయింట్, లెవెల్ వంటి పేర్లను అందరూ అనే విధంగానే ఉంచేయవచ్చు, వాటిని బలవంతంగా తెలుగు చేయనక్కరలేదు. కదలికల దగ్గర మాత్రం మన భాషకు కొదవ లేదు. దూకడం, ఎగబాకడం, దూసుకుపోవడం, జారడం, దొర్లి తప్పించుకోవడం, కాచుకోవడం, ఒక్కో మాటా వేళ్ల కింద జరిగే ఒక్కో పనిని సూటిగా చెబుతుంది. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ గురించి రాయాలంటే ఈ మాటలే ఆధారం. మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది. ఆమె చేతనైనవి దూకడం, గోడను పట్టుకుని ఎగబాకడం, గాలిలో ఒకసారి ఏదో ఒక దిక్కుకు దూసుకుపోవడం. ఒక్కో అధ్యాయంలో కొండ మీది వస్తువులు మారుతూ ఆ మూడు పనులకే కొత్త అర్థాలు కల్పిస్తాయి. అంచు దాటి పాదం గాలిలోకి వెళ్లిన తరువాత కూడా రెప్పపాటు కాలం దూకే అవకాశాన్ని ఆట రహస్యంగా ఇస్తుంది. చనిపోతే నిరీక్షణ లేకుండా అదే తెర మీద మళ్లీ నిలబెడుతుంది. నేను చనిపోయిన లెక్క 2,000 దాటినా కోపం ఎందుకు రాలేదో ఈ రెండు సంగతులు చెప్పకుండా వివరించలేను.

అదే గేమ్ మరొక జాగ్రత్తను కూడా నేర్పింది: ఏ అమరికతో ఆడారో తప్పక రాయాలి. ‘సెలెస్ట్’లో అసిస్ట్ మోడ్ అనే సదుపాయం ఉంది. దానితో ఆట వేగాన్ని తగ్గించుకోవచ్చు, ఎగబాకే శక్తి తరగకుండా చేసుకోవచ్చు, చావే లేకుండా కూడా ఆడవచ్చు. శిఖరాన్ని చేరే ఏడవ అధ్యాయంలో ఒక భాగాన్ని నేను వేగం 80 శాతానికి తగ్గించి దాటాను, నా అభిప్రాయంలో ఆ సంగతి మొదటి పేరాలోనే రాశాను. అలా ఆడటంలో తక్కువతనం ఏమీ లేదు. వేళ్లు నొప్పి పెట్టేవారు, రోజుకు అరగంటకు మించి తీరిక లేనివారు ఆ కొండ ఎక్కగలిగారంటే అది తయారుచేసినవారి గొప్పతనం. కాని వేగం తగ్గించుకుని ఆడి, ‘కష్టమేమీ లేదు’ అని రాస్తే, ఆ మాట నమ్మి కొనుక్కున్నవారికి మనం అన్యాయం చేసినట్టే.

ఆటగాడి చేతి అమరిక వంటిదే ఆటగాడి పెంపకం కూడా. ‘వెన్బా’ 2023 జూలైలో వచ్చింది, టొరంటోకు చెందిన విసై గేమ్స్ తయారుచేసింది. 1980లలో కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ ఇది. ఆ ఇంటి ఇల్లాలు వెన్బాకు ఆమె తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, మాటలు చెరిగిపోయి ఉంటుంది, అందులో లేనిదేమిటో ఊహించి వండటమే మనం చేయవలసిన పని. మొదట ఇడ్లీ. ఇడ్లీ రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పై గుంటలు కింది గుంటల మీదికి రాకుండా తిప్పి పెట్టాలన్నది అక్కడ పజిల్. మా వంటింట్లో అది చిన్నప్పటి నుంచి చూసిందే కనుక నా చెయ్యి ఆలోచించకుండానే తిప్పింది. ‘పజిల్ మరీ సులభం’ అని రాయబోయి ఆగాను. సులభమైనది నాకు, నేను పుట్టిన ఇంటి వల్ల. తరువాత గొట్టంలో ఆవిరి మీద వండే పుట్టు వచ్చినప్పుడు, మా ఇంట్లో అది వండరు కనుక, ఆట అడుగుతున్నదేమిటో అప్పుడు అర్థమైంది. ఆ కుటుంబపు కొడుకు వంటింటి ముందు తడబడే తీరు కూడా అప్పుడే మనసుకు తగిలింది. అందువల్ల మీకు ముందే తెలిసినదేదో పాఠకుడికి చెప్పండి. నిడివి కూడా చెప్పండి: ఇది నాకు గంటన్నరలో ముగిసింది. గంటకు ఇన్ని రూపాయలని లెక్కకట్టి తీర్పు చెప్పడం ఇలాంటి ఆటకు తగదు, అయినా కొడుకు పెరిగే ఏళ్లు మరీ గబగబా దాటిపోయాయన్న లోటు నాకు మిగిలింది.

కథ విప్పి చెప్పడం విషయంలో ఒక్క గేమ్‌ను కొలతగా పెట్టుకుంటే చాలు. లూకాస్ పోప్ 2018లో విడుదల చేసిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో, 1802లో బయలుదేరి జాడ లేకుండా పోయిన ఒక నౌక 1807లో ఇంగ్లండులోని ఫాల్మత్ తీరానికి ప్రాణి లేకుండా తేలివస్తుంది. ఈస్టిండియా కంపెనీ పరిశీలకుడిగా మనం అందులోని 60 మంది పేర్లూ, వారికి పట్టిన గతులూ నిర్ధారించాలి. ఒక జేబు గడియారం ప్రతి శవం దగ్గరా ఆ మనిషి చనిపోయిన క్షణాన్ని నిశ్చలచిత్రంలా చూపుతుంది. మన జవాబులు ముగ్గురివి సరిపోయినప్పుడే ఆట వాటిని ఖాయం చేస్తుంది, కనుక గుడ్డి ఊహలతో నెట్టుకుపోవడం కష్టం. సిబ్బందిలో భారతీయ నావికులు కూడా ఉన్నారు, వారిని ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఎలా వేరు చేశానో మాత్రం రాయను. నియమాలు చెప్పవచ్చు, మొదటి పది నిమిషాల్లో ఆటే చెప్పేది చెప్పవచ్చు. ఆటగాడు తన బుద్ధితో కనుక్కోవలసినది ఒక్కటి బయటపెట్టినా, రెండోసారి కొత్తగా ఆడలేని ఆటను అతని చేతిలోంచి లాక్కున్నట్టే.

కొన్ని గేమ్‌ల మీద అభిప్రాయాన్ని రెండుసార్లు రాసి, రెంటికీ తేదీ వేయడం మంచిది. ‘బలాట్రో’ను 2024 ఫిబ్రవరిలో లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఒకే వ్యక్తి తయారుచేసి తెచ్చారు. 13 ముక్కల రమ్మీ చూస్తూ పెరిగిన నాకు, చేతిలోని 8 ముక్కల్లోంచి 5 దాకా ఎంచి పోకర్ జతలు వేయడం మొదట వింతగా తోచింది. ‘అంతా ముక్కలు పడటంలోనే ఉంది’ అని మొదటి రాత్రి రాశాను. 20 గంటల తరువాత ఆ వాక్యం చదివితే తప్పని తెలిసింది. మన అంకె (స్కోరు) చిప్స్ అనే పాయింట్లను మల్ట్ అనే గుణకంతో గుణిస్తే వస్తుంది. ప్రత్యేక శక్తులున్న కార్డులైన జోకర్ల లెక్క ఎడమ నుంచి కుడికి జరుగుతుంది, కనుక మల్ట్‌కు కలిపే జోకర్‌ను ముందూ, మల్ట్‌ను రెట్టింపు చేసే జోకర్‌ను వెనుకా పెడితే అవే ముక్కలకు ఎంతో పెద్ద అంకె వస్తుంది. మొదటి వాక్యాన్ని కొట్టివేయకుండా దాని కింద రెండవది రాశాను. కొత్తగా ఆడేవారు మొదటి రాత్రి నాలాగే అనుకుంటారు, అక్కడి నుంచి ఇక్కడికి ఎలా రావచ్చో వారికి ఆ రెండు తేదీలే చూపుతాయి.

వదిలేసిన గేమ్ గురించి రాయకూడదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఎంతవరకు ఆడారో ఆ హద్దు స్పష్టంగా గీసి, హద్దు అవతలి దాని గురించి మాట్లాడకుండా ఉంటే చాలు. 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లో, స్టార్మ్‌వేల్ కోట ముందు కాపలా ఉండే మార్గిట్ చేతిలో 14 సార్లు ఓడి, దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకు వెళ్లి బలం పెంచుకుని తిరిగివచ్చి అతణ్ణి ఓడించాను. ఆ రాత్రి పుస్తకంలో ‘సంతోషంతో ఆపాను’ అని ఉంది. కోట లోపలి వరకు వెళ్లాక ఇంటి పనులు మీద పడి మళ్లీ తెరవలేదు. ఆ గేమ్ మీద నా అభిప్రాయం నాలుగు వాక్యాలే, నాలుగూ ఎదురుగా కష్టమున్నప్పుడు పక్కకు తిరిగి వెళ్లే స్వేచ్ఛను ఆట ఎలా ఇస్తుందన్న దాని గురించే, మొదటి వాక్యం ఇది: ‘స్టార్మ్‌వేల్ కోట వరకు మాత్రమే ఆడాను.’