వానలకు ముందు పాత క్యాంపర్ వ్యాను కొనేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మహేంద్రగిరి, తప్తపాణి, గుప్తేశ్వరం, దేవమాలి వంటి చోట్లకు ఇంటిల్లిపాదీ వెళ్లి, రాత్రి బండిలోనే పడుకుని, అక్కడే నాలుగు మెతుకులు వండుకుని తిరిగి రావాలన్న కోరికతో ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు కుటుంబాలవారు పాత వ్యాను కోసం వెతుకుతూ ఉంటారు. కారు వెనక తగిలించి లాక్కుపోయే క్యారవాన్ మన వైపు పాత బండ్ల బజారులో దాదాపు దొరకదు, దొరికినా సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు మలుపుల్లో దానిని లాగడం కొత్తవారి పని కాదు. అందుచేత మనకు అందుబాటులో ఉండేవి సీట్లు తీసి మంచం, వంట అర అమర్చిన ఓమ్ని, ఈకో, టెంపో ట్రావెలర్ బండ్లే కాబట్టి ఈ జాగ్రత్తలు వాటిని గురించినవి.

రోహిణి కార్తెలో అమ్మకానికి వచ్చిన ప్రతి బండీ బాగానే కనిపిస్తుంది. చెక్క ఎండి ఉంటుంది, బూజు వాసన పోయి ఉంటుంది, తుప్పు మీద కొత్త రంగు మెరుస్తూ ఉంటుంది. ఆరుద్ర వచ్చి నాలుగు రోజులు ఆగని ముసురు పట్టినప్పుడే కప్పు ఉరుస్తోందని తెలుస్తుంది, అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. తక్కువ డబ్బుతో కొనేవారిని నిండా ముంచేది చాలాసార్లు ఇంజను కాదు, నీరు. ఇంజను పాడైతే బాగుచేయడానికి మెకానిక్ ఉన్నాడు, విడిభాగం దొరుకుతుంది. లోపలి చెక్క కుళ్లి, కింది రేకు తిని పోయిన బండిని బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి బండి ధరను దాటిపోతుంది.

అందువల్ల చేతిలో ఉన్న మొత్తంలో మూడు వంతులకు మించి బండి ధరకు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. మిగిలిన నాలుగో వంతు టైర్లకు, బ్యాటరీకి, బ్రేకులకు, పేరు మార్పిడికి, బీమాకు, కప్పు మూయించడానికి తప్పకుండా ఖర్చవుతుంది. ఆ సొమ్ము లేనివారు ఇంకొక ఏడాది ఆగడమే మేలు.

చూడటానికి వెళ్లేటప్పుడు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. అమ్మేవారిని అడిగి తలుపులు, కిటికీలు అన్నీ మూయించి, అరగంట తరువాత తెరిచి ముందుగా వాసన చూడండి. చెమ్మ పట్టిన చెక్క వాసన వేడికి బయటపడుతుంది. అగరొత్తుల పొగో, సెంటో ఘాటుగా కొడుతూ ఉంటే అనుమానించవలసిందే. తరువాత చేతిలో టార్చి పట్టుకుని కప్పూ గోడా కలిసే మూలలు, కిటికీల కింది అంచులు, కప్పులో గాలి మూత బిగించిన చోటు, సోలార్ పలక కోసం బోల్టులు దించిన చోటు ఒక్కొక్కటిగా చూడండి. ప్లైవుడ్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కితే గట్టి చెక్క కదలదు, కుళ్లినది మెత్తగా లోపలికి పోతుంది. స్క్రూల తలలు తుప్పు పట్టి ఉండటం, ఒక మూలన మాత్రమే కొత్త సన్మైకా ముక్క అతికించి ఉండటం, రివిట్ల చుట్టూ గోధుమరంగు చారలు దిగి ఉండటం, ఇవన్నీ నీరు దిగిన దారులకు గుర్తులు.

కంటి చూపు ఒక్కటే చాలదు, నీళ్ల పైపు పట్టించాలి. మొదట కిటికీల ఎత్తుకు, తరువాత కప్పు అంచుకు, చివరికి కప్పు పైకి, ఒక్కొక్క చోట పది నిమిషాల చొప్పున కింది నుంచి పైకి వెళుతూ నీరు పోస్తుంటే లోపల కూర్చున్నవారికి ఏ ఎత్తులో కారుతోందో స్పష్టంగా తెలుస్తుంది. మొదటే కప్పు మీద పోస్తే నీరు అన్ని వైపులా జారి, దారి ఎక్కడుందో అంతు చిక్కదు. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయండి.

కింది భాగం చూడకుండా బయానా ఇవ్వకండి. బండిని సర్వీసింగ్ షెడ్డులో పైకెత్తించి, తలుపుల కింది అంచు, పక్కకు జరిగే తలుపు పట్టాలు, చక్రాల పైతొట్టెలు, ముందు సీట్ల కింది నేల, జాకీ పెట్టే చోట్లు చూడాలి. టింకరింగ్ చేసి లప్పం పూసిన చోట అయస్కాంతం అంటదు, చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి రేకు మీద జరిపితే లప్పం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తేలిపోతుంది. తలుపుల అడుగున నీరు పోవడానికి కంపెనీవారే ఉంచిన చిన్న రంధ్రాలు మట్టితోనో, కొత్త రంగుతోనో మూసుకుపోయి ఉంటే తలుపు లోపలి నుంచి తినేస్తూ వస్తుంది.

గోపాలపురం, సోనాపురం వంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండ్ల విషయంలో ఉప్పుగాలిని, వరదను రెండింటినీ దృష్టిలో పెట్టుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. అటువంటి నీటిలో మునిగిన బండి కడిగి తుడిచాక చూపులకు కొత్తదానిలాగే ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే చివరి జానెడు మేర బురద చార కనిపించవచ్చు. స్టెప్నీ గుంతలో, వెనక దీపాల గాజు లోపల ఒండ్రు పేరుకుని ఉండవచ్చు. డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లను విప్పితే తెల్లని, పచ్చని పొడి రాలవచ్చు. ఈ మూడింటిలో ఏ రెండు కనిపించినా ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు, ఎందుకంటే వైరింగులో చొరబడిన నీరు ఏడాది తరువాత కూడా దానిని తినేస్తూనే ఉంటుంది.

సరిహద్దు జిల్లాల్లో కాగితాల చిక్కు ప్రత్యేకమైనది. బండి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరుకుతుంది, మనం ఉండేది గజపతిలోనో కోరాపుట్‌లోనో అవుతుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్.టి.ఓ. నుంచి 28వ నంబరు ఫారం మీద నిరభ్యంతర పత్రం (ఎన్.ఓ.సి.) రావాలి, ఒడిశాలో రోడ్డు పన్ను కట్టాలి. ఆ పన్ను ఎంతో బేరానికి ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో కనుక్కుని ధరలో కలుపుకోండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, బ్యాంకు అప్పు తీరిన బండికి 35వ ఫారం కావాలి. కొన్నవారు 30 రోజుల్లో మార్పిడికి దరఖాస్తు చేయాలి, బీమాను 14 రోజుల్లో తమ పేరుకు మార్చమని కోరాలి. పాత యజమాని పేరు మీదే నెలల తరబడి నడిపేవారు ప్రమాదం జరిగిన రోజున ఇద్దరినీ ఇబ్బందిలోకి నెడతారు. అప్పు, చలానాలు, ఫిట్‌నెస్ గడువు వంటివి కేంద్ర రవాణా శాఖవారి ఎంపరివాహన్ యాప్‌లో ముందే చూసుకోవచ్చు.

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాతవే, 2012లో రిజిస్టరైన బండి గడువు 2027తో ముగుస్తుందన్న లెక్క ధర మాట్లాడేటప్పుడు గుర్తుండాలి. పసుపు నంబరు పలక ఉన్న ట్రావెలర్‌ను ఇంటి వాడకానికి మార్చుకోవాలంటే ఆర్.టి.ఓ. అనుమతి అవసరం. మంచాలు, గ్యాసు అర అమర్చి సీట్ల సంఖ్య తగ్గించిన బండిలో ఆ మార్పులు రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.)లో ఎక్కాయో లేదో చూడండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పైన బిగించిన మంచాన్ని బోల్టులు విప్పి తీసేయవచ్చు గాని, కోసి ఎత్తు పెంచిన కప్పు విషయం అలా తేలదు. అనుమతి కాగితం లేని అటువంటి బండిని మొదటిసారి కొనేవారు ముట్టుకోకపోవడం మంచిది.

ఇక బరువు సంగతి. నీరు లీటరుకు కిలో బరువు, అంటే 60 లీటర్ల ట్యాంకు నింపితే ఒక పెద్దమనిషిని అదనంగా ఎక్కించినట్టే. దానికి బ్యాటరీ, సిలిండరు, మంచాలు, సామాను, మనుషులు కలుస్తారు. ప్రయాణానికి సిద్ధం చేసిన బండిని ఏ రైస్ మిల్లు దగ్గరో ఉన్న వేబ్రిడ్జి మీదికి ఎక్కించి, వచ్చిన తూకాన్ని ఆర్.సి.లో రాసిన మొత్తం బరువుతో పోల్చి చూడండి. ఎక్కువ వస్తే కప్పు మీది సామాను ముందుగా దించాలి. బరువైనవన్నీ కిందన, ముందు వెనక ఇరుసుల నడుమ ఉండాలి.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వాన రోడ్డు మీద పనికిరాదు, పగుళ్లు ఉంటే లోతు ఎంతున్నా పనికిరాదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడితే ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకంటుతుంది. కొన్న వెంటనే ఆయిల్ మార్పించి, ఆ తరువాత రెండేళ్లకొకసారి మార్పించండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్ వేసి డీజిలు మిగుల్చుకోవాలనుకోవడం ప్రాణాలతో చెలగాటం.

గ్యాసు విషయంలో ఎంత చెప్పినా తక్కువే. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందువల్ల సిలిండరు పెట్టిన అర అడుగున బయటికి తెరుచుకున్న రంధ్రం తప్పనిసరి. 5 కిలోల సిలిండరు నిలువుగా, బెల్టుతో కట్టి ఉండాలి, బండి కదిలేముందు రెగ్యులేటరు ఆపాలి. గొట్టం మీద ముద్రించిన సంవత్సరం చూసి ఐదేళ్లు దాటినదాన్ని మార్చేయాలి, అతుకుల మీద సబ్బునీరు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. వానలో జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసుకుని వండటం, చలికి కుంపటి లోపల పెట్టుకుని పడుకోవడం వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. పిల్లలతో వెళ్లేవారు దానిని పసిగట్టే అలారం కొనక తప్పదు.

12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే సుమారు 600 వాట్ అవర్లు. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 160, రెండు చిన్న ఎల్.ఈ.డి. దీపాలు నాలుగు గంటలు వెలిగితే 40 పోతాయి. మూడు రాత్రులకు అంతే. మబ్బు రోజుల్లో సోలార్ పలకను లెక్కలోకి తీసుకోకండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేని వైరింగు ఉంటే బండి ఎంత నచ్చినా ముందు అది సరిచేయించాలి.

నీరు దిగే చోటు తెలిశాక దాన్ని మూయడానికి తొందరపడకూడదు. తడిసిన చెక్కను అలాగే ఉంచి పైన పూత వేస్తే నీరు లోపలే బందీ అయి కుళ్లు పెరుగుతుంది. పాత జిగురు పూర్తిగా గీకి, చెక్కను ఎండలో నాలుగైదు రోజులు ఆరనిచ్చి, అంచు కింద బ్యూటైల్ టేపు, పైన పాలీయూరెథేన్ సీలెంట్ వాడాలి. హార్డ్‌వేర్ షాపుల్లో చౌకగా దొరికే పుల్లని వాసన గల సిలికాన్ వట్టి రేకును తినేస్తుంది, దాని మీద రంగు గాని మరో జిగురు గాని అంటదు. అడుగున తుప్పును తీగ బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, అది ఆరిన తరువాతే అండర్‌బాడీ కోటింగు వేయించండి. ఈ పనంతా మృగశిరకు ముందే ముగియాలి.

వానల్లో బయలుదేరేవారు వంశధార, నాగావళి, మహేంద్రతనయ నదులూ, వాగులూ, కాజ్‌వేలూ దాటేచోట ఆగి చూడాలి. 30 సెంటీమీటర్ల పారే నీరు చిన్న బండిని తేల్చగలదు, 60 సెంటీమీటర్లు దాదాపు ఏ వ్యానునైనా లాక్కుపోతుంది. రాత్రి మకాం కోసం ఎండిన వాగు గర్భాన్ని, కొత్తగా కోసిన కొండ అంచును, ఒంటరి చెట్టు నీడను ఎంచుకోవద్దు. తిత్లీ తుపానులో గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు తీశాయి. వాతావరణ శాఖ నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇచ్చిన రోజుల్లో ప్రయాణం వాయిదా వేయండి. కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మలేరియా భయం ఉంది కాబట్టి కిటికీలకు దోమతెర బిగించాకే బయలుదేరాలి.

ప్రయాణం లేని వారాల్లో బండిని టార్పాలిన్‌తో పూర్తిగా చుట్టకండి, లోపల ఆవిరి నిలిచి బూజు పడుతుంది. పైకప్పు ఉన్న షెడ్డు కింద ఉంచి, పరుపులు గోడలకు ఆనకుండా నిలబెట్టి, ఎండ వచ్చినప్పుడల్లా తలుపులు తెరవండి. ఎలుకలు వైర్లు కొరకకుండా తినుబండారాలన్నీ తీసేసి, పదిహేను రోజులకొకసారి బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, తిరిగి రాగానే మూలలు చేత్తో తడిమి చూడండి.