జీబ్రా గీతలు పోయాయి, కర్టెన్ మడతలూ పోయాయి

కిటికీ పక్కన కూర్చున్న మనిషిని రా వీడియోలో (సెన్సర్ పట్టినదాన్ని దాదాపు అలాగే దాచే ఫైలులో) తీస్తున్నాను. వెనుక తెల్ల కర్టెన్ నిండా జీబ్రా గీతలు, అంటే వెలుగు మరీ ఎక్కువైన చోట కెమెరా తెర మీద చూపే చారలు. ఐఎస్ఓను (బొమ్మ ఎంత వెలుగుగా కనిపించాలో చెప్పే అంకెను) 800 నుంచి 200కు తగ్గించగానే గీతలు మాయమయ్యాయి. నిశ్చింతగా తీశాను. ఎడిటింగ్‌లో చూస్తే కర్టెన్‌కు ఒక్క మడత కూడా లేదు, అంతా చదునైన బూడిద రంగు. ఆ షాట్ పోయినందుకు చాలా బాధపడ్డాను.

నా కెమెరాలో రా తీసేటప్పుడు ఐఎస్ఓ ఫైలుతో పాటు వెళ్లే సూచన మాత్రమే. దాన్ని తగ్గిస్తే తెర మీది బొమ్మ చీకటిపడుతుంది గానీ, సెన్సర్ మీద పడే వెలుగు తగ్గదు. జీబ్రా కొలిచేది ఆ తెర బొమ్మనే. నేనేమో జీబ్రాను, వెలుగు 100 శాతానికి చేరితేనే గీతలు వచ్చేలా పెట్టి నమ్ముకున్నాను.

మరుసటి రోజు తెరను లాగ్‌కు (వెలుగునీడలన్నీ ఇమిడేలా చప్పగా కనిపించే బొమ్మకు) మార్చి, కెమెరాను వెలుగుతున్న బల్బు వైపు తిప్పి, అపర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి వేవ్‌ఫామ్ (బొమ్మలోని వెలుగును 0 నుంచి 100 వరకు చూపే గ్రాఫ్) చూశాను. 200 ఐఎస్ఓ వద్ద ఆ గ్రాఫ్ గీత 100కు బాగా కిందే, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సెన్సర్ నిండిపోయే, అంటే ఇక ఎక్కువ వెలుగు పట్టలేని చోటు అదే! జీబ్రాను దానికి కాస్త కింద పెట్టాను. ఐఎస్ఓ మారితే ఈ అంకె కూడా మారుతుంది, అందుకే అన్నీ కొలిచి రాసిన చీటీ కెమెరా సంచిలోనే ఉంచుతాను. ఇప్పుడు గీతలు కనిపిస్తే ఐఎస్ఓ జోలికి పోను. అపర్చర్ తగ్గిస్తాను, లేదా ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే ముదురు అద్దం) వేస్తాను.

ఎర్ర దీపాలుంటే మాత్రం జీబ్రా చాలదు. మొత్తం వెలుగు తక్కువగా కనిపిస్తున్నా ఎరుపు ఒక్కటే నిండిపోవచ్చు. అక్కడ ఆర్‌జీబీ పరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా చూపే గ్రాఫ్) చూస్తాను.