పల్లీ, బత్తాయి, ఎండుమిర్చి: పరదేశపు మాంసం వంటలు మన పొయ్యి మీద

పరదేశపు మాంసం వంటకం ఇంట్లో చేయాలనుకునేవారు సాధారణంగా ముందు వంటకం పేరు ఎంచుకుని, తర్వాత ఊళ్లో దొరకని వస్తువుల కోసం హైదరాబాదు దాకా వెతుకుతారు. అలా తెచ్చిన సీసాలు ఒకసారి వాడాక ఫ్రిజ్ తలుపులో గడువు తీరే దాకా పడి ఉంటాయి. ఇందుకు బదులు మన సంతలో ఏది తాజాగా, చవకగా దొరుకుతుందో చూసి, దాని మీదే ఆధారపడిన వంట ఏ దేశంలో ఉందో వెతుక్కోవడం మంచి పద్ధతి. దక్షిణ తెలంగాణ వారికి ఇది కష్టమేమీ కాదు. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో యాసంగి పల్లీ పండుతుంది. పశ్చిమాఫ్రికా వారి మాఫే అనే మాంసం పులుసుకు కావలసినది అదే. నల్లగొండ బత్తాయి, నకిరేకల్ నిమ్మ కలిస్తే క్యూబా వారి పుల్ల నారింజకు దగ్గరి రుచి వస్తుంది. ఎండుమిర్చితో మేక మాంసం వండే మెక్సికో బిర్రియాకు మన వంటింట్లో లేని వస్తువు దాదాపు ఏదీ అక్కర్లేదు.

అయితే ఒక నియమం పాటించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ధనియాల పొడి ఈ వంటల్లో వేయకూడదు. రుచి చాలలేదనిపించి చివర్లో అరచెంచా గరం మసాలా చల్లితే, ఏ దేశపు వంటైనా ఆదివారం మటన్ కూరగానే మిగులుతుంది.

మాంసం సంగతి

పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే వంట సమయాలు మనకు సరిగ్గా సరిపోకపోవడానికి కారణం మాంసమే. పాశ్చాత్య దేశాల్లో కోసిన మాంసాన్ని చల్లని గదిలో కొన్ని రోజులు వేలాడదీసి అమ్మడం మామూలు. మనం తెల్లవారుజామున కోసినదాన్ని ఏడు గంటలకు తెచ్చి పది గంటలకు పొయ్యి మీద పెడతాం. జీవాన్ని కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు సడలడానికి మేక, గొర్రె మాంసానికి దాదాపు ఒక రోజు పడుతుంది. లేత పోతు అని నమ్మి తెచ్చినది కూడా ఒక్కోసారి రబ్బరులా సాగడానికి ఇదే కారణం కావచ్చు. కాబట్టి ఆదివారం వంటకు శనివారం పొద్దున్నే మాంసం తెచ్చి, కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, మూతపెట్టిన గిన్నెలో ఫ్రిజ్ కింది అరలో ఉంచడం మంచిది. కింది అర ఎందుకంటే, పచ్చి మాంసపు నీరు కారితే మిగతా తిండి మీద పడకూడదు.

దుకాణంలో తొడ మాంసం మాత్రమే అడిగేవారు ఎక్కువ. నిదానంగా ఉడికే వంటలకు తొడ కంటే భుజం, మెడ, కాలి పిక్క మేలు, ఎందుకంటే వీటిలో నరం, జిగురు ఎక్కువగా ఉంటాయి. దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ దాటాక గంటల తరబడి వేడి తగిలితే ఆ జిగురు కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. ముక్కలు మన కూర ముక్కల కంటే రెండింతలు పెద్దవిగా, బొక్కతో సహా కొట్టించాలి. రెండు నల్లిబొక్కలు అడిగి వేయించుకుంటే ఇంకా మంచిది.

కుక్కర్ విషయంలో ఈలలు లెక్కపెట్టే అలవాటు మానుకోవాలి. ఈలల సంఖ్య మంటను బట్టి, కుక్కర్ సైజును బట్టి, లోపలి నీటిని బట్టి మారుతుంది. మొదటి ఈల రాగానే మంట బాగా తగ్గించి గడియారం చూసుకోవడమే నమ్మకమైన పద్ధతి: లేత మేకకు పావుగంట నుంచి 18 నిమిషాలు, ముదురు పొట్టేలుకు 25 నుంచి 30 నిమిషాలు. ఆవిరిని బలవంతంగా వదలకుండా దానంతట అదే దిగనివ్వాలి. ఒక్కసారిగా ఒత్తిడి తీసేస్తే లోపల పులుసు తెర్లిపోయి ముక్క పొడిబారుతుంది.

మాఫే: పల్లీ ముద్దతో పొట్టేలు మాంసం

మాలిలో పుట్టి సెనెగల్, గాంబియాల దాకా పాకిన వంటకం ఇది. పల్లీ దక్షిణ అమెరికా పంట. పోర్చుగీసు వర్తకులు దాన్ని ఆఫ్రికాకు చేర్చారు. ఆ తర్వాత సెనెగల్ ప్రాంతంలో అది ప్రధాన వాణిజ్య పంట అయి, వారి గిన్నెలోకీ చేరింది.

కిలో మాంసానికి 200 గ్రాముల పల్లీలు తీసుకోవాలి. సన్నని మంట మీద ఓపికగా వేయించి, పొట్టు ఊది, చల్లారాక మిక్సీలో నీళ్లు చుక్క కూడా పోయకుండా తిప్పాలి. మొదట పొడి అవుతుంది, తర్వాత గిన్నె అంచులకు ముద్దగా అంటుకుంటుంది. అప్పుడు ఆపి, గరిటెతో కిందికి దించి మళ్లీ తిప్పితే నూనె వదిలి జారుగా మారుతుంది. ఈ మూడో దశ రాకముందే ఆపేస్తే పులుసు పలుకుపలుకుగా ఉంటుంది. దుకాణంలో దొరికే పీనట్ బటర్‌లో చాలావాటికి చక్కెర కలుపుతారు, కనుక ఇంట్లో చేసుకున్నదే మేలు.

అడుగు మందంగా ఉన్న గంజులో నాలుగు చెంచాల పల్లీనూనె కాగాక మాంసం ముక్కలను తడి లేకుండా తుడిచి, కొన్ని కొన్నిగా వేసి అన్ని వైపులా ఎర్రగా కాల్చాలి. ఒకేసారి కిలో మాంసం గుమ్మరిస్తే నీరు ఊరి, కాలడానికి బదులు ఉడుకుతుంది; మాఫేకు ఉండవలసిన లోతైన రుచి అక్కడే పోతుంది. ముక్కలు తీసి పక్కన పెట్టి, అదే నూనెలో రెండు పెద్ద ఉల్లిగడ్డలు, ఆరు వెల్లుల్లి రేకలు వేయించి, నాలుగు టమాటాల గుజ్జు పోసి నూనె తేలే దాకా మగ్గించాలి. మాంసం, రెండు చెంచాల ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, మునిగేటన్ని నీళ్లు చేర్చి కుక్కర్‌లోకి మార్చి పైన చెప్పిన సమయం ప్రకారం ఉడికించాలి.

పల్లీ ముద్దను కుక్కర్‌లో వేయకూడదన్నది ముఖ్యమైన జాగ్రత్త. అది అడుగుకు దిగి మాడుతుంది, నురుగు పొంగి ఈల రంధ్రాన్ని మూసేసే ప్రమాదం కూడా ఉంది. మాంసం ఉడికాక మూత తీసి, రెండు గరిటెల వేడి పులుసుతో పల్లీ ముద్దను విడిగా పలుచన చేసుకుని పోయాలి. క్యారెట్, చిలగడదుంప పెద్ద ముక్కలు, నాలుగు చీలికల క్యాబేజీ, చీల్చని పచ్చిమిర్చి రెండు వేసి, మూత లేకుండా సన్నని మంట మీద అరగంట ఉంచి, రెండు మూడు నిమిషాలకొకసారి గరిటె అడుగుకు తగిలేలా కలపాలి. మొదట పాలుపోసినట్టు లేత రంగులో ఉన్న పులుసు నెమ్మదిగా ఇటుక రంగుకు తిరిగి, అంచుల వెంట ఎర్రటి నూనె చుక్కలుగా పైకి తేలుతుంది. ఆ నూనె కనిపించే దాకా దించవద్దు. అది తేలకపోతే పల్లీ పచ్చి వాసన పోలేదని అర్థం.

చింతపండు, నువ్వులు కలపాలన్న కోరిక పుట్టడం సహజం, ఎందుకంటే పల్లీ పులుసు అనగానే మన నాలుకకు మిర్చీకా సాలన్ గుర్తుకొస్తుంది. ఆ కోరికను ఆపుకోవాలి. సెనెగల్‌లో మాఫేను తెల్లన్నంతో వడ్డిస్తారు. మన జొన్నరొట్టె దీనికి అన్నం కంటే బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

మోహో: బత్తాయి రసంలో నానిన కోడి

క్యూబాలో పుల్ల నారింజ రసం, వెల్లుల్లి, జీలకర్ర, నూనె కలిపిన మోహోలో పంది మాంసాన్నీ కోడినీ నానబెడతారు. ఆ నారింజ మన సంతలో సులభంగా దొరకదు. బత్తాయిలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ కనుక రెండు పాళ్ల బత్తాయి రసానికి ఒక పాలు నిమ్మరసం కలపాలి. కిలో కోడికి 150 మిల్లీలీటర్ల బత్తాయి, 75 మిల్లీలీటర్ల నిమ్మ చాలు. బత్తాయి రసం తీసి ఉంచితే చేదెక్కుతుంది, కాబట్టి వాడే నిమిషంలోనే పిండుకోవాలి. తొక్క మీది పచ్చటి పొరను మాత్రం సన్నగా తురిమి కొంచెం వేస్తే అసలు వాసన వస్తుంది. తెల్ల పొర తగిలితే చేదు.

కోడి దుకాణంలో అడగకపోతే చర్మం ఒలిచే ఇస్తారు. ఈ వంటకు చర్మంతో కావాలని ముందే చెప్పి, కాళ్లు, తొడలు విడదీయకుండా పెద్ద ముక్కలుగా కొట్టించాలి. పన్నెండు వెల్లుల్లి రేకలను ఒకటిన్నర చెంచా ఉప్పు, ఒక చెంచా జీలకర్రతో రోట్లో దంచి, ఉక్కు గిన్నెలో వేసి, వేడి చేసిన నాలుగు చెంచాల నూనె దాని మీద పోయాలి. చుయ్యిమన్న చప్పుడు ఆగాక రసం కలపాలి, లేకపోతే నూనె ముఖం మీదికి చిందుతుంది. ఒరెగానో కోసం పిజ్జా పొట్లాలు వెతకనక్కర్లేదు. పెరటి తొట్టిలో పెరిగే వామాకును క్యూబాతో సహా కరీబియన్ దీవుల్లో ఒరెగానోగా వాడతారు. వాసన ఘాటు కనుక రెండు ఆకులకు మించవద్దు.

ముక్కలను ఇందులో రెండు నుంచి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. రాత్రంతా నానితే బాగుంటుందనుకోవడం పొరపాటు, పులుపు ఎక్కువసేపు తగిలిన కోడి పైపొర పిండిపిండిగా అవుతుంది. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు కాల్చాలి. లేనివారు మందపాటి మూకుడులో మూతపెట్టి 25 నిమిషాలు మగ్గించి, మూత తీసి, మంట పెంచి చర్మం కరకరలాడే దాకా కాల్చుకోవచ్చు. బొక్క దగ్గర గుచ్చితే ఎర్రటి నీరు రాకూడదు. థర్మామీటర్ ఉన్నవారు లోపల 74 డిగ్రీలు చూసుకోవాలి. నానబెట్టిన రసం పచ్చి కోడిని తాకింది కనుక నాలుగైదు నిమిషాలు తెర్లించాకే పైన పోయాలి. పక్కన వారు నల్ల చిక్కుడు గింజలు వడ్డిస్తారు, మనకు ఉడికించిన అలసందలు సరిపోతాయి.

బిర్రియా

మెక్సికోలోని హలీస్కో రాష్ట్రపు వంట ఇది, అసలు రూపంలో మేక మాంసంతోనే చేస్తారు. అక్కడి ఎండుమిర్చిలో రంగు, తీపివాసన ఎక్కువ, కారం తక్కువ. ఆ గుణం వరంగల్ చపాటా మిర్చిలోనూ బ్యాడగిలోనూ ఉంది. కిలో మాంసానికి పదిహేను కాయలు తీసుకుని, తొడిమలు, గింజలు తీసి, పెనం మీద పావు నిమిషం చొప్పున రెండు వైపులా వేడిచేసి వెంటనే తీయాలి, ఎందుకంటే నల్లబడిన ఒక్క కాయ మొత్తం పులుసును చేదు చేస్తుంది. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, రెండు టమాటాలు, అర ఉల్లిగడ్డ, ఆరు వెల్లుల్లి రేకలు, ఒక చెంచా జీలకర్ర, మూడు లవంగాలు, అంగుళం దాల్చిన చెక్క, మూడు చెంచాల వెనిగర్‌తో మెత్తగా రుబ్బి జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలే తొక్కు పారేయవలసిందే.

ఈ ముద్దను రెండు చెంచాల ఉప్పుతో మాంసానికి పట్టించి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున మునిగేటన్ని నీళ్లు, రెండు బిర్యానీ ఆకులు వేసి, మూత చుట్టూ తడిపిండి అతికించి సన్నని సెగ మీద రెండున్నర నుంచి మూడు గంటలు వదిలేయాలి. అక్కడ మొక్కజొన్న పిండి వాడతారు, మనకు దమ్ బిర్యానీకి వాడే గోధుమపిండి చాలు. కుక్కర్‌లోనూ అవుతుంది గాని, తీరిక ఉన్న రోజు గంజులోనే చేయమని చెబుతాను. పులుసు స్వచ్ఛంగా, జిగురుగా వస్తుంది.

మాంసం బొక్క నుంచి విడిపోతుంది. పులుసు మీద తేలిన ఎర్రటి కొవ్వును గరిటెతో తీసి విడిగా పెట్టుకుని, మొక్కజొన్న రొట్టెను ఆ కొవ్వులో అద్ది పెనం మీద కాల్చి, మధ్యలో మాంసం పెట్టి మడవాలి. జొన్నరొట్టె మడిస్తే విరుగుతుంది, దాన్ని పులుసులో ముంచి తినడమే మంచిది. పులుసును చిన్న గిన్నెల్లో పోసి, పచ్చి ఉల్లిగడ్డ తరుగు, కొత్తిమీర, నిమ్మచెక్కతో పక్కన పెట్టాలి. మొదట వద్దన్నది ధనియాల పొడి; ఈ కొత్తిమీర మాత్రం వారిదే, పైన చల్లడానికి మాత్రమే.

మరో రెండు

ఉజ్బెక్ పలావుకు మాంసం, క్యారెట్, బియ్యం దాదాపు సమాన బరువులో తీసుకుంటారు. అక్కడి గొర్రెల తోకలో కొవ్వు దండిగా ఉంటుంది, మన దక్కనీ గొర్రెకు ఆ తోక లేదు కనుక దుకాణంలో వంద గ్రాముల కొవ్వు అడిగి తెచ్చి, కరిగించి, అందులోనే మాంసం, ఉల్లిగడ్డ, అగ్గిపుల్లల్లా తరిగిన క్యారెట్ వేయించాలి. మసాలా జీలకర్ర ఒక్కటే, ఒలవని వెల్లుల్లి గడ్డ ఒకటి మధ్యలో గుచ్చుతారు. బియ్యం పైన పరిచాక చివరి దాకా కలపకూడదు.

వెనిగర్, సోయా సాస్‌లో మాంసం ఉడికించే ఫిలిప్పీన్స్ అడోబోకు నాటుకోడి బాగుంటుంది. అక్కడి వెనిగర్‌లో కొన్ని రకాలు కొబ్బరి, తాటి జాతి చెట్ల కల్లు నుంచి వస్తాయి. మన కిరాణా సీసా వెనిగర్ ఘాటు కనుక మూడో వంతు నీళ్లు కలపాలి. కిలో కోడికి అర కప్పు ఈ వెనిగర్, పావు కప్పు సోయా సాస్, ఒక గడ్డ వెల్లుల్లి, రెండు బిర్యానీ ఆకులు, చెంచా మిరియాలు, రెండు కప్పుల నీళ్లు వేయాలి. సోయాలోనే ఉప్పు ఉంటుంది, వేరే వేయవద్దు. అల్యూమినియం గిన్నె పులుపుకు పనికిరాదు, ఉక్కు గిన్నె వాడాలి. వెనిగర్ మరిగి పచ్చి ఘాటు పోయే దాకా గరిటె పెట్టవద్దని ఫిలిప్పీన్స్ వంటవారి మాట. నాటుకోడి మెత్తబడటానికి గంటకు పైనే పడుతుంది, మధ్యలో నీళ్లు చూసుకుంటూ ఉండాలి. పులుపు వల్ల ఇది ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది. రెండో రోజు ముక్కలను మాత్రం తీసి కొద్ది నూనెలో ఎర్రగా వేయించి, మిగిలిన రసాన్ని సగానికి ఇగరబెట్టి పైన పోసుకుంటే మొదటి రోజు కంటే బాగుంటుంది.