సీమ టమోటాతో పిల్లల పాస్తాకు చవకైన కూరగాయల సాసు

పిల్లలు పాస్తా అడిగిన రోజున ఇంట్లో ఖర్చు పెరిగేది పాస్తా వల్ల కాదు. కర్నూలులో వీధి చివరి కిరాణా కొట్లోనూ మాకరోని విడిగా తూచి ఇస్తారు. డబ్బంతా దానిలో కలిపే సీసా సాసుకూ, క్రీముకూ, చీజుకూ పోతుంది. ఆ మూడింటి పనినీ టమోటా, తీపి గుమ్మడి, మన వైపు పప్పులు అని పిలిచే పుట్నాలు కలిసి చేయగలవు. అయితే ఈ సాసులో నేను ఎన్నడూ తప్పని నియమం ఒకటుంది: గట్టి కూరగాయలు పూర్తిగా మెత్తబడిన తరువాతనే టమోటా వేయాలి. కారణం కాస్త ముందుకు వెళ్లాక చెబుతాను.

మొదట కొనుగోలు సంగతి. పత్తికొండ మార్కెట్టుకు సరుకు ముంచెత్తిన వారాల్లో ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక రైతులు కాయలను రోడ్డు మీద పారబోసిన దృశ్యాలు ఈ జిల్లావారికి కొత్త కావు. అదే టమోటా కిలో వంద రూపాయలు దాటిన 2023 జూలై నెలను కూడా ఎవరూ మరచిపోలేదు. కాబట్టి పిల్లలు అడిగిన రోజున కాక, టమోటా చవకగా ఉన్న వారంలో ఈ సాసును ఎక్కువగా చేసి దాచుకోవడం తెలివైన పని. సి-క్యాంపు రైతుబజారులో ఆనాటి ధరల బోర్డు చూసి కొనవచ్చు. సాయంత్రం దుకాణం కట్టే వేళకు మిగిలిన మెత్తటి పండ్లు ఇంకా తక్కువకు వస్తాయి, సాసుకు కావలసినవి కూడా అవే. పండు మెత్తబడినా పరవాలేదు కాని, పగులులో బూజు కనిపిస్తే ఆ భాగం కోసి మిగతాది వాడుకుందామనుకోకుండా మొత్తం పారవేయాలి.

నలుగురు పిల్లలకు రెండు పూటలకు సరిపడే సాసుకు 1 కిలో పండు టమోటా, 2 పెద్ద ఎర్రగడ్డలు, 2 క్యారెట్లు, 200 గ్రాముల తీపి గుమ్మడి, 6 తెల్లగడ్డ రెబ్బలు, 3 చెంచాల చెనక్కాయ నూనె, 2 చెంచాల పప్పుల పొడి, తగినంత ఉప్పు కావాలి. గుమ్మడి దొరకని రోజున మరొక క్యారెట్టు వేసుకోవచ్చు. సొరకాయ, బీరకాయ వేస్తే నీరు ఎక్కువై సాసు పలచబడుతుంది, ఎక్కువసేపు మరిగించవలసి వచ్చి గ్యాసు ఖర్చవుతుంది. బీట్‌రూట్ వేస్తే రంగు చూసే పిల్లలు పళ్లెం పక్కకు నెడతారు, మా ఇంట్లో రెండుసార్లు అదే జరిగింది.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోవాలి. అల్యూమినియం గిన్నెలో టమోటా పులుపును చాలాసేపు మరిగిస్తే లోహం కొంత కరిగి, సాసుకు లోహపు రుచి వస్తుంది. నూనె కాగాక సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, చిటికెడు ఉప్పు వేసి, సన్నటి మంట మీద పది నిమిషాలపాటు రంగు మారనీయకుండా మగ్గించాలి. ఈ పది నిమిషాలను చాలామంది మూడు నిమిషాలకు కుదించి, చివర పులుపెక్కువైందని చక్కెర కలుపుతారు. నిదానంగా మగ్గిన ఎర్రగడ్డ తీపి ఉంటే చక్కెరతో పని లేదు. తరువాత దంచిన తెల్లగడ్డ, చిన్న ముక్కలుగా కోసిన క్యారెట్టు, గుమ్మడి వేసి, అర గ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి, క్యారెట్టు ముక్క గంటెతో నొక్కితే నలిగిపోయేంత వరకు ఉడికించాలి. ఇందుకు పన్నెండు నుండి పదిహేను నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఆ నియమం సంగతి. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఎంతసేపు ఉంచినా పలుకుగానే మిగులుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పులుపు తగిలినప్పుడు కూరగాయ కణాలను పట్టి ఉంచే పెక్టిన్ తొందరగా కరగదు, అందువల్ల టమోటాలో పడిన క్యారెట్టుకూ అదే గతి పడుతుంది. మిక్సీలో వేసినా అది పూర్తిగా నలగదు, నాలుకకు తగిలిన చిన్న పలుకును కూడా పిల్లవాడు వెదికి బయటకు తీస్తాడు.

ముక్కలు మెత్తబడ్డాక టమోటాలు వేసి, మూత లేకుండా ఇరవై నిమిషాలు ఉడికించి, దించి చల్లారనివ్వాలి. పొగలు కక్కే సాసును మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. మెత్తగా రుబ్బి తిరిగి పొయ్యి మీద పెట్టాక, పప్పుల పొడిని అర గ్లాసు చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి పోయాలి. ఉగ్గాని మీద చల్లుకునే పప్పుల పొడిలో కారం ఉంటుంది కనుక, ఇక్కడ ఉత్త పప్పులనే పొడి చేసుకోవాలి. పుట్నాలు ముందే వేగి ఉన్నందున, శనగపిండి వేసినప్పుడు వచ్చే పచ్చివాసన రాదు. క్రీము ఇచ్చే చిక్కదనమూ వస్తుంది, కొంత మాంసకృత్తులూ అందుతాయి. ఐదారు నిమిషాలు కలుపుతూ ఉడికించి, గంటె వెనుక వేలితో గీసిన గీత చెరగకుండా నిలిచినప్పుడు దించాలి.

ఒరెగానో పొట్లం కొనవలసిన అవసరం లేదు. కుండీలో పెరిగే వామాకు ఒక్కటి సన్నగా తరిగి చివర వేస్తే దాదాపు అదే వాసన వస్తుంది, ఎందుకంటే ఆ రెండింటిలోనూ కార్వక్రాల్ అనే పదార్థమే ప్రధానం. వామాకు ఘాటు గలది కనుక రెండవ ఆకు వద్దు. కమ్మదనం కావాలంటే పొయ్యి ఆర్పిన తరువాత ఒక చెంచా మీగడ కలపాలి, మరుగుతున్న సాసులో పాలు పోస్తే పులుపుకు విరిగిపోతాయి.

ఒక పూటకు 250 గ్రాముల పాస్తాను రెండున్నర లీటర్ల మరిగే నీటిలో ఉప్పు వేసి, పొట్లం మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే వార్చాలి. వార్చేటప్పుడు ఒక గ్లాసు గంజి పక్కన పెట్టుకోవాలి. సగం సాసులో ఆ గంజి కొద్దికొద్దిగా పోస్తూ పాస్తాను రెండు నిమిషాలు ఉడికిస్తే, అందులోని పిండి వల్ల సాసు ప్రతి ముక్కకూ పట్టుకుంటుంది. పెద్దవాళ్లకు తమ పళ్లెంలో విడిగా కారం చల్లుకునే వీలు ఉండనే ఉంది, అది లేకుండా సీమవాళ్లకు ముద్ద దిగదు కదా.

మిగిలిన సగాన్ని పాస్తా కలపకుండా, పూర్తిగా చల్లారాక తడిలేని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. మీగడ వేయాలనుకుంటే వడ్డించే రోజునే వేయాలి. నెల రోజులు దాచాలంటే ఐసు ట్రేలలో గడ్డకట్టించి, ఆ ముక్కలను సంచిలో వేసి ఫ్రీజర్‌లోనే ఉంచాలి. ఎండాకాలంలో కరెంటు గంటల తరబడి పోయి ముక్కలు కరిగిపోయి వెచ్చబడితే, వాటిని తిరిగి గడ్డకట్టించకుండా పారవేయాలి. పాస్తా లేని రోజున ఇదే సాసును వేడి చేసి జొన్నరొట్టెకు నంచుకోవచ్చు.