రక్షణ పద్దును ఆసుపత్రి పద్దుతో పోల్చే ముందు

బడ్జెట్ వచ్చిన రోజున ఒడిశాలోని పర్లాకిమిడిలోనైనా మహారాష్ట్రలోని సిరొంచలోనైనా ఒకటే వాదన: సైన్యానికి ఇంత పోస్తే ఆసుపత్రులకేం మిగులుతుంది? అడగాల్సిన ప్రశ్నే. కానీ ముందు కాలిక్యులేటర్ పట్టుకుని అరగంట కూర్చోవాలి.

2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50,65,345 కోట్లు. అందులో రక్షణ శాఖది 6,81,210 కోట్లు, అంటే 13.45 శాతం. జీడీపీతో భాగిస్తే మాత్రం 1.9 శాతమే. పెద్దగా చూపాలనుకున్నవాళ్లు మొదటిది, చిన్నగా చూపాలనుకున్నవాళ్లు రెండోది చెబుతారు. శాతం రాసిన ప్రతిచోటా అది దేనిలో శాతమో పక్కనే రాయండి.

తర్వాత రక్షణ పద్దును విడగొట్టండి. జీతాలు, ఇంధనం, మరమ్మతుల వంటి రోజువారీ ఖర్చు 3,11,732 కోట్లు. పింఛన్లు 1,60,795. కొత్త ఆయుధాలు, నిర్మాణాలు 1,80,000. మిగతా 28,682 కోట్లు కోస్ట్ గార్డు, సరిహద్దు రోడ్ల వంటివుండే పౌర విభాగానివి. ‘ఆయుధాలు మానేస్తే ఆసుపత్రి కట్టొచ్చు’ అనేవాళ్లు మాట్లాడగలిగేది మూడో అంకె గురించే. అందులోనూ చాలావరకు పాత ఒప్పందాల వాయిదాలే. ఒడిశాలోని సునాబెడలో ఉన్న ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్‌కు 2024 సెప్టెంబరులో 240 సుఖోయ్ యుద్ధవిమాన ఇంజన్ల పని వచ్చింది, విలువ 26,000 కోట్ల పైనే. అవి అందాల్సింది ఎనిమిదేళ్లలో. మొత్తాన్ని ఒకే ఏటి పద్దులో వేస్తే లెక్క చెడుతుంది.

యూనిఫాం చూసి మోసపోకండి. గడ్చిరోలిలో కనిపించే సీఆర్‌పీఎఫ్, మల్కాన్‌గిరిలోని బీఎస్‌ఎఫ్ హోం శాఖ కిందివి. వాటి ఖర్చు రక్షణ పద్దులో ఉండదు.

ఎక్కువమంది బోల్తాపడేది ఆరోగ్యం దగ్గర. కేంద్ర ఆరోగ్య శాఖకు 99,858 కోట్లు, రక్షణకు అంతకు దాదాపు ఏడు రెట్లు. వినగానే గుండె గుభేల్మంటుంది. కానీ రాజ్యాంగం ప్రకారం ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోవి. పర్లాకిమిడి ప్రభుత్వ డాక్టరు జీతం భువనేశ్వర్ నుంచి, అహేరి డాక్టరుది ముంబై నుంచి వస్తాయి. అందుకే రాష్ట్ర ఆరోగ్య పద్దును కూడా కలపాలి. కలిపేటప్పుడు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే జాతీయ ఆరోగ్య మిషన్ దగ్గర జాగ్రత్త: ఈ రెండు రాష్ట్రాల్లోనూ అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. కేంద్రం ఇచ్చిన 60 శాతం రెండు బడ్జెట్లలోనూ కనిపిస్తుంది, ఒకచోట తీసేయాలి.

బడ్జెట్ అంకెలు ఖర్చు అంచనాలే, కాబట్టి అంచనాను అంచనాతోనే పోల్చాలి. వాస్తవ ఖర్చు కావాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి, 2025-26 పత్రాల్లో దొరికేది 2023-24దే.

కేంద్రం తన అప్పులపై కట్టే వడ్డీ పద్దునూ మరవొద్దు. అది 12.76 లక్షల కోట్లు, రక్షణకు దాదాపు రెట్టింపు. ఆసుపత్రికి డబ్బెందుకు చాలదని అడిగేవాళ్లు ఈ వరుసను దాటేస్తే సగం లెక్కే చేసినట్టు.

ఇక మీ జిల్లా ఆసుపత్రిలో మంజూరైన డాక్టరు పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అన్నది రాష్ట్ర ఆరోగ్య శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోవాలి. ఫీజు ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ 10 రూపాయలే.