రెండో పెళ్లయితే పిల్లల భరణం ఏమవుతుంది?

విడాకులు తీసుకున్న భార్య మళ్లీ పెళ్లి చేసుకుందని తెలియగానే డబ్బు పంపడం ఆపేసే తండ్రులు చాలామంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ పెళ్లితో రద్దయ్యేది ఆమె భరణం, అదీ కోర్టు ఉత్తర్వుతో. పిల్లల భరణం కన్నతండ్రి మీదే ఉంటుంది. మారుతండ్రి ఎంత సంపాదించినా చట్టప్రకారం ఆ బాధ్యత ఆయనకు బదిలీ కాదు.

ముందు పాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసి చివరి పేరా చూడండి. "1వ పిటిషనర్‌కు (తల్లికి) 7,000, 2వ పిటిషనర్‌కు (బిడ్డకు) 5,000" అని విడివిడిగా ఉంటే సుఖం: 7,000 రద్దు చేయమని అడగొచ్చు, బిడ్డ 5,000 నడుస్తూనే ఉంటుంది. "పిటిషనర్లకు నెలకు 12,000" అని కలిపి రాసి ఉంటే మీ అంతట మీరే కోత పెట్టుకోకండి, కోర్టే విడదీయాలి. అందుకే కొత్తగా కేసు వేసే తల్లులు ఒక్కో బిడ్డకు ఇంత అని విడిగా అడగాలి. ప్లీడరు గుమస్తా ఇది మర్చిపోవడం మామూలే.

మార్పు కావాలంటే ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 146 కింద పిటిషన్ వేయాలి (2024 జులైకి ముందు ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ, సెక్షన్ 127). పెళ్లి సర్టిఫికెట్, శుభలేఖ లాంటి రుజువులు జతచేయండి. తీర్పు వచ్చేదాకా కట్టడం ఆపొద్దు. కట్టని ప్రతి నెలకూ నెలదాకా జైలు పడొచ్చు, జైలుకెళ్లొచ్చినా బాకీ తీరదు. బకాయి రావలసిన తల్లి గడువు తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఆలస్యమైతే కోర్టు వారంటుతో వసూలు చేయించే దారి మూసుకుపోతుంది.

తండ్రే మళ్లీ పెళ్లి చేసుకుంటే? కొత్త సంసారం ఖర్చు చూపి తగ్గించమని అడగొచ్చు గానీ, మొదటి బిడ్డ హక్కు పోదు. 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో చెప్పినట్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. కొత్తగా పుట్టిన బిడ్డను కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. కొత్త కారు ఈఎంఐని మాత్రం పెద్దగా పట్టించుకోదు.

బిడ్డకు మారుతండ్రి ఇంటిపేరు పెట్టినంత మాత్రాన భరణం ఆగదు. హిందూ చట్టం ప్రకారం దత్తత జరిగితే లెక్క మారుతుంది: కన్నతండ్రి సమ్మతితో దత్తత పూర్తయితే ఆ తేదీ నుంచి బిడ్డ కన్నతండ్రి కుటుంబానికి చెందదు. "మేము చూసుకుంటాంలే" అన్న నోటిమాట దత్తత కాదు.

డబ్బు చేతికివ్వకండి. బ్యాంకు ద్వారా పంపి, రిమార్కులో బిడ్డ పేరు, నెల రాయండి. రేపు బకాయి కేసు వేసినప్పుడు స్టేట్‌మెంటులోని ఆ ఒక్క లైనే మీ సాక్ష్యం.